నా ఆకు, పెద్దమ్మ లివరు

మా పెద్దమ్మ నొప్పి మాత్రలు మింగే తీరు చూస్తే పిప్పరమెంట్లు సిగ్గుపడతాయి. పొద్దున బస్సెక్కే ముందు ఒకటి, మధ్యాహ్నం ట్రిప్పుల మధ్యలో ఒకటి, సాయంత్రం బస్సు దిగి నిటారుగా నిలబడాలంటే ఇంకొకటి. ఇవి నాకు తెలిసినవి. తెలియనివి బస్సులో ఫస్టెయిడ్ పెట్టెలో దూది కింద ఉండేవి.

పెద్దమ్మ సిటీ బస్సు డ్రైవరు. నాకు అక్షరాలు రాకముందు నుంచీ ఆవిడ చేతిలో స్టీరింగు ఉంది. అమ్మ పోయాక నన్ను ఇంజను పక్క సీటులో కూర్చోబెట్టుకునే పెంచింది. నా హోంవర్కంతా సిగ్నళ్ల దగ్గరే అయ్యేది. ఎర్రలైటు పడితే ఎక్కాలు అప్పజెప్పాలి, పచ్చలైటు పడితే నోరు మూసుకోవాలి. ఇప్పటికీ నాకు ఎనిమిదో ఎక్కం మధ్యలో ఆగిపోవడం అలవాటు. కాబట్టి ఆవిడ లివరు గురించి నేను మాట్లాడానంటే అది ఉద్యోగం కొద్దీ మాత్రమే కాదు.

ఉద్యోగం కూడా అదేననుకోండి. ఫార్మసీ కాలేజీ ల్యాబులో మొక్కల సారాలు తీసి, మందుల వల్ల లివరుకు జరిగే నష్టాన్ని అవి ఆపగలవా, బాగుచేయగలవా అని ఎలుకల మీద చూడటం నా పని. లివరును పాడుచేయడానికి ఏ మందు వాడాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పెద్దమ్మ మింగే మాత్రనే ఎంచుకున్నాను. మాత్రలు మానమని ఆవిడతో పోట్లాడి పోట్లాడి నా గొంతు పోయింది గానీ ఆవిడ పట్టు పోలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మాన్పించలేకపోతే కనీసం మందన్నా కనిపెడదామనుకున్నాను.

ల్యాబులో నా వెనకాల నన్ను టపాకాయ అంటారు. ముందు అన్నా నేనేమీ అనుకోను గానీ, అనే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

ఇక మొక్క సంగతి. గోడల పక్కన, కాలవ గట్ల మీద ఎవరూ నాటకుండా మొలిచే చిన్న మొక్క. పేరు చెప్పను. చెప్తే రేపు సాయంత్రానికి ఒక్క రెమ్మ మిగలదు, మన జనం సంగతి నాకు తెలుసు. ఆ ఆకును నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి, స్పిరిట్‌ను ఆవిరి చేస్తే అడుగున నల్లపచ్చటి జిగురు మిగులుతుంది. అదే సారం. అది నీళ్లలో కరగదు, మహా మొండి. అందుకని దాన్ని ఒక సాల్వెంట్‌లో కరిగించి ఎలుకలకు పట్టేవాళ్లం. నూనెలా ఉండే ద్రవం అది. అది పట్టిన ఎలుకల ఊపిరి వెల్లుల్లి వాసన కొడుతుంది. గది గదంతా పోపు పెట్టిన వంటింటిలా ఉండేది.

ముందు సారం, కాసేపాగి మాత్రల మందు, మర్నాడు రక్తపరీక్ష. ఉత్త నీళ్లు తాగి మందు తిన్న ఎలుకల లివర్లు కుదేలయ్యేవి. మా సారం తాగినవాటి లివర్లు అసలు మందు తిన్నట్టే లేవు. ఆ అంకెలు చూసి నేను ల్యాబులో ఈల వేశాను. పక్క బెంచీ మీద పనిచేసే సహోద్యోగి, మేమంతా తాపీ అని పిలిచే మనిషి, అంకెలన్నీ రెండోసారి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, మూడోసారి చూసి, "బాగానే ఉన్నట్టుంది" అన్నాడు. తాపీ నోట ఆ మాట వచ్చిందంటే పక్కవాళ్లు పండగ చేసుకోవచ్చు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర పెద్దమ్మకు అంతా వివరించాను. వివరించడం కాదు, డబ్బా కొట్టాను. ఆవిడ ఓపిగ్గా విని, తనకు కావలసిన ముక్క తీసుకుంది.

"ముందు నీ ఆకు, తర్వాత మాత్ర. అప్పుడు లివరుకి ఏమీ కాదు. అంతేనా?"

"ఎలుక లివరుకి."

"ఎలుకైతే ఏం, దానిదీ లివరేగా? పాడు కాలేదా?"

"అద్దంలా ఉంది పెద్దమ్మా! నువ్వు చూడాల్సింది."

"అయితే నాకో సీసా తెచ్చిపెట్టు."

"మనుషులకి ఇప్పుడే ఇవ్వకూడదు. దానికి ఇంకా చాలా తతంగం ఉంది."

"అవునులే. పెరటి చెట్టు మందుకు పనికిరాదు, ఇంట్లో పెద్దమ్మ ఎలుకపాటి చెయ్యదు" అని మూతి తిప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోనులో మొక్క ఫొటో చూపించాను. ఆవిడ దాన్ని దగ్గరికి, దూరానికి జరిపి చాలాసేపు చూసింది. "ఇదా? మా డిపో గోడ వెంట ఇదేగా, మోకాళ్లెత్తు పెరిగి ఉంటుంది" అంది. నేను గెలుపు మత్తులో ఉన్నాను. ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రలోకి వెళ్లలేదు.

కాన్ఫరెన్సుకు పేపరు పంపేశాం. మా ల్యాబు హెడ్డుగారు ఇంకొక్కసారి ప్రయోగం చేసి ఉంచుకుందాం అన్నారు. సరిగ్గా అప్పుడే సాల్వెంట్ అయిపోయింది. కొత్త డబ్బా ఇదిగో అదిగో అంటున్నారు తప్ప రావడం లేదు. నాకు ఎదురుచూడటం చేతకాదు. సారాన్ని తుమ్మబంక నీళ్లలో మెత్తగా నూరి, పలచన చేసి, దాన్నే పట్టించాను. సారం అదే, మోతాదు అదే, ఎలుకల జాతి అదే.

మర్నాడు అంకెలు చూస్తే లివర్లన్నీ కుదేలు. నీళ్లు తాగినవాటికీ, నా ఆకు తాగినవాటికీ ఆవగింజంత తేడా లేదు.

నేను మొదట రక్తం చదివే మెషీనును తిట్టాను. తర్వాత ఆకు ఆరబెట్టిన వాళ్లను తిట్టాను, అందులో నేనూ ఉన్నాను. చివరికి ఎలుకలను తిట్టడానికి వాటి గదిలోకే వెళ్లాను. వెళ్లి, నోరు తెరిచి, అలాగే ఆగిపోయాను. గదిలో ఏదో తక్కువైంది. ఊక వాసన ఉంది, ఎలుకల వాసన ఉంది. వెల్లుల్లి వాసన లేదు.

నా కోపం ఠక్కున చల్లారిపోయింది. నా కోపం అలా చల్లారిందంటే విషయం పెద్దదని మా ల్యాబులో అందరికీ తెలుసు. తాపీ కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"మన పోలిక గుంపుకి ఏం పడుతున్నాం?" అని అడిగాను.

"నీళ్లు. ఎప్పుడూ నీళ్లేగా."

అవును, ఎప్పుడూ నీళ్లే. ఈ ల్యాబులో మొదట్లో అందరూ నీళ్లలో కాచిన కషాయాలే వాడేవాళ్లు. అప్పుడు పోలిక కోసం పెట్టుకున్న ఎలుకలకు ఉత్త నీళ్లు పడితే సరిపోయేది. తర్వాత చిక్కటి సారాలకు మారాం, వాటిని కరిగించడానికి సాల్వెంట్ వచ్చింది. పోలిక ఎలుకలకు మాత్రం నీళ్లే కొనసాగాయి. వాటికీ సాల్వెంట్ పట్టాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. వండేటప్పుడు గిన్నెను ఎవరు రుచి చూస్తారు?

కొత్త డబ్బా వచ్చిన రోజే ఆకు లేకుండా ఒట్టి సాల్వెంట్ పట్టించి, కాసేపాగి మాత్రల మందు ఇచ్చాను. మర్నాడు తాపీ అంకెలు చదువుతుంటే వినలేక కాగితం లాక్కున్నాను. లివర్లు అద్దంలా ఉన్నాయి. ఆ మాత్ర తనంతట తాను విషం కాదు. లివరు దాన్ని విరగ్గొట్టేటప్పుడు విషం పుడుతుంది. సాల్వెంట్ ఆ విరగ్గొట్టే పనిని కాసేపు ఆపేస్తోంది, అంతే.

"మరి ఆకు?" అన్నాడు తాపీ.

"సొమ్మొకడిది, సోకొకడిది. మోసింది సాల్వెంట్, పల్లకీలో ఊరేగింది ఆకు."

హెడ్డుగారు మంచి మనిషి, కాస్త పరువుకు భయపడతారు. పేపరు వెనక్కి తీసుకుందాం అంటే ఆయన ముఖం వాడిపోయింది. "తొందరపడకమ్మా, నాలుగు రోజులు ఆలోచిద్దాం" అన్నారు.

"ఆలోచించాను సార్. మనం చెప్పకపోతే రేపు ఇంకో ల్యాబువాళ్లు చెప్తారు. అప్పుడు తల ఎక్కడ పెట్టుకుంటాం? పైగా మనం అడగాల్సిన ప్రశ్నే అడగలేదు. ఎప్పుడూ మందుకు ముందే ఆకు ఇచ్చాం. పాడైపోయిన లివరుకి తర్వాత ఇచ్చి చూశామా? ఆ పని నేను చేస్తాను. ఈసారి సరిగ్గా చేస్తాను."

ఆయన నా వంక చూసి, నిట్టూర్చి, "నువ్వు చేస్తానన్నాక చెయ్యకుండా ఎవడాపగలడులే" అని సంతకం పెట్టారు.

చెప్తే నమ్మరు, ఆ సాయంత్రం నేను హుషారుగానే ఇంటికి వెళ్లాను. తప్పు దొరికింది, దారి తెలిసింది, ఇక నాకేం లోటు? తలుపు తీయగానే ముక్కుకు వాసన తగిలింది. వెల్లుల్లి కాదు. పచ్చి ఆకు ఉడుకుతున్న వగరు వాసన. నిద్రలో లేపి అడిగినా గుర్తుపడతాను.

వంటింట్లో పెద్ద గిన్నె నిండా నా ఆకు కుతకుతలాడుతోంది. పక్కన పెద్దమ్మ బస్సులోకి తీసుకెళ్లే ఫ్లాస్కు మూత తీసి ఉంది.

"వచ్చేశావా? అది ముక్కు కాదే తల్లీ, వేటకుక్క" అంది పెద్దమ్మ, గరిటె దాచడానికి కూడా ప్రయత్నించకుండా.

"ఎప్పట్నించి?"

"నువ్వు చెప్పిన మర్నాటి నుంచే. ముందు ఇది, తర్వాత మాత్ర. రక్షణ ఉందిగా అని ఈ మధ్య మాత్రలు ఒకటీ రెండూ ఎక్కువే వేస్తున్నా. నడుము ఎంత హాయిగా ఉందో! ఎందుకలా చూస్తావ్?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లాను. కంటి కింది రెప్ప లాగి వెలుతురులో చూశాను. తెల్లగుడ్డు తెల్లగా లేదు. నిమ్మపండు రంగు తిరిగింది. నాకు భయం వేసింది. చదువుకునే రోజుల నుంచీ పుస్తకాల్లో చూసిన పసుపు అది. నన్ను పెంచిన మనిషి కళ్లలో చూడటం వేరు.

"పెద్దమ్మా, నేను తప్పు చెప్పాను."

"నువ్వా? తప్పా?" అని ఆవిడ నవ్వబోయి, నా ముఖం చూసి నవ్వు మింగేసింది. స్టవ్ ఆపి, స్టూలు లాక్కుని కూర్చుంది. "చెప్పు" అంది.

నీళ్లు, బంక, సాల్వెంట్, వెల్లుల్లి వాసన, అన్నీ చెప్పాను. ఎక్కాలు అప్పజెప్పినట్టే చెప్పాను, కాకపోతే ఈసారి ఎక్కడా ఆగకుండా. ఆవిడ చివరిదాకా విని, "అంటే ఎలుకల్ని కాపాడింది ఆకు కాదు, దాన్ని కలిపిన నూనె. అయితే ఆ నూనే తెచ్చివ్వు" అంది.

"అది మనుషులు తాగేది కాదు!"

"మరి మనుషులు ఏం తాగాలే?"

"ఏమీ తాగకూడదు! లే, ఆసుపత్రికి పద."

లివరు డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి అదే రోజు చేర్చుకుంది. మాత్రలన్నీ బంద్ అంది. మత్తు, అయోమయం ఉన్నాయా అని గుచ్చి గుచ్చి అడిగింది. సెలైన్ పెట్టించింది, లివరుకు విరుగుడు మందు మొదలుపెట్టింది.

"ఆకు కషాయం కూడానా?" అని పెద్దమ్మ అడిగింది, నా మనసు నొచ్చుకోకూడదన్నట్టు మెల్లగా.

"ఆకు కూడా" అన్నాను, డాక్టరమ్మ నోరు తెరిచేలోపే. "అది మంచి చేస్తుందో చెడు చేస్తుందో నాకే తెలీదు. తెలీనిది నీ ఒంట్లోకి వెళ్లడానికి వీల్లేదు."

డాక్టరమ్మ వెళ్లిపోయాక పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "మాత్ర లేకపోతే నడుము లేవదు. నడుము లేవకపోతే బస్సు లేదు. బస్సు లేకపోతే నేనెవర్నే?" అంది. ఆవిడ గొంతు అంత సన్నగా రావడం నేను అంతకు ముందు వినలేదు.

"ముందు లివరు నిలబడనీ. నడుముని నేను నిలబెడతాను" అన్నాను. నాకు నడుముల గురించి ఓనమాలు కూడా తెలియవు. అయినా అన్నాను, తెలుసుకుందామనే అన్నాను.

కాసేపటికి ఆవిడే ఇటు తిరిగింది. "ఇంకో సంగతి చెప్తా, అరవకూడదు. ఫ్లాస్కు పెద్దది కదా. డిపోలో అందరికీ పోశాను."

అరవకుండా ఉండటానికి దుప్పటి అంచు కొరికాను.

మర్నాడు పొద్దున్నే డిపోకు వెళ్లాను. డ్రైవర్ల విశ్రాంతి గదిలో బల్ల మీద పెద్ద కెటిల్, అందులో నా ఆకు. గోడ వెంట మొక్కలన్నీ సగానికి తెగి ఉన్నాయి. నిలబడి చెప్పాను. ఈ ఆకు లివరును కాపాడుతుందనడానికి ఆధారం లేదు, దీన్ని నమ్ముకుని మాత్రలు మింగొద్దు అన్నాను. అందరిలో గొంతు పెద్దది హారన్ అనే డ్రైవరుది, పేరే చెప్తోంది.

"మీ పెద్దమ్మే చెప్పింది కదమ్మా, మీ కాలేజీలో ఎలుకలు లేచి పరుగులు తీశాయంట! ఇప్పుడు కాదంటారేంటి? ఎవరైనా కంపెనీవాళ్లు నోరు మూయించారా?"

అందరూ నవ్వారు. నేను కంపెనీలను, కెటిల్‌ను, హారన్‌ను కలిపి తిట్టి బయటకు వచ్చాను. తిట్టడంలో లోటు లేదు, ఫలితమే లేదు.

ఆసుపత్రిలో రోజురోజుకూ పెద్దమ్మ అంకెలు దిగాయి. ఇంటికి పంపించేరోజు ఆవిడ మంచం దిగుతూ, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నా మీద గెలిచావు కదా, పద డిపోకి" అంది. వద్దంటే వినే మనిషా? ఆటోలో నడుము పట్టుకుని, ప్రతి గుంతకూ ఆటోవాడి డ్రైవింగు మీద తీర్పులిస్తూ వచ్చింది.

విశ్రాంతి గదిలో హారన్ ఎదురుగా వెళ్లి నిలబడింది. కంటి రెప్ప తనే కిందికి లాగింది. పసుపు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

"చూడు. ఇది ఆకు తాగిన కన్ను. మీ అందరికంటే ఎక్కువ తాగింది నేనే."

"మరి మీ పిల్ల అప్పుడు పనిచేస్తుందంది, ఇప్పుడు చెయ్యదంటోంది. ఏది నమ్మాలక్కా?" అన్నాడు హారన్. ఈసారి గొంతు కాస్త తగ్గింది.

"రెండోది నమ్ము. మొదటిది చెప్పినప్పుడు దానికి గొప్ప పేరొచ్చింది. రెండోది చెప్పినందుకు ఆ పేరు పోయింది. పేరు పోగొట్టుకుని మరీ చెప్పేవాళ్లు ఈ రోజుల్లో నీకు ఎంతమంది దొరుకుతారు?"

నేను కిటికీ బయట బస్సుల వంక చూశాను. కళ్లు మండాయి. దుమ్మని చెప్పొచ్చు గానీ దుమ్ము కాదు, ఏడుపే. వెనకాల సింకులో కెటిల్ ఒంపేసిన చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఒంపింది హారనే. "అయితే ఈ నడుములకి ఏం చెయ్యమంటావ్?" అని నన్నే కసిరాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వారం తిరక్కుండా ఒక ఫిజియోథెరపిస్టును వెంటబెట్టుకుని వెళ్లాను. ఆవిడ డ్రైవర్లనందరినీ చాపల మీద పడుకోబెట్టి కాళ్లెత్తించింది. సీట్లు ఎంత వెనక్కి వాలిపోయాయో మెకానిక్కుకు చూపించి మరీ బాగుచేయించింది. మా పెద్దమ్మ ఆవిడను తిట్టినన్ని తిట్లు నన్ను కూడా ఎప్పుడూ తిట్టలేదు. కానీ ఒక్క పూట కూడా వ్యాయామం మానలేదు.

ఇక్కడ ల్యాబులో నేను మొదటి నుంచీ మొదలుపెట్టాను. ముందు మందు, లివరు పాడైన తర్వాతే ఆకు. సాల్వెంట్ ఊసే లేదు. తాపీ ఎలుకలను గుంపులుగా విడదీశాడు. ఏ గుంపుకు ఏం పట్టామో రక్తం చదివే నాకు చివరిదాకా చెప్పలేదు. నేను బెదిరించాను, బతిమాలాను. "ఊహూ" అన్నాడు తాపీగా. అంకెలన్నీ వచ్చాక గుట్టు విప్పాడు. అన్ని ఎలుకల లివర్లూ కోలుకున్నాయి. ఆకు తాగినవి కొంచెం ముందుగా కోలుకున్నాయి. ఎంత కొంచెమంటే, ఈసారి ఈల వేయలేదు. మళ్లీ చేశాం. మళ్లీ అంతే. కొంచెమే, కానీ నిజం.

ఆ సాయంత్రం డిపోకు వెళ్లి పెద్దమ్మ బస్సెక్కాను. ఆవిడకు ఇప్పుడు చిన్న రూటు ఇచ్చారు. లివరు మామూలు స్థితికి వచ్చింది, నడుము బతిమాలితే మాట వింటోంది. ఫస్టెయిడ్ పెట్టెలో దూది కింద దూదే ఉంది, ఎక్కగానే చూశాను. నా పాత సీటులో, ఇంజను పక్కన కూర్చున్నాను.

ఎర్రలైటు పడేదాకా ఆగి చెప్పాను. "పెద్దమ్మా, పనిచేసింది. పాడైన లివరుని కాస్త త్వరగా బాగుచేస్తోంది."

ఆవిడ శభాష్ అనలేదు. నాకో సీసా తెచ్చిపెట్టు అనలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, అద్దంలోంచి నా వంక అనుమానంగా చూసింది. నా ఎక్కాలు వినేటప్పుడు అచ్చం ఇలాగే చూసేది.

"పోలిక గుంపుకి ఏం పట్టావ్?"

"బంక నీళ్లు. ఆకు కలిపిందీ ఆ నీళ్లలోనే. వీటికి ఆకు ఒక్కటే లేదు."

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు."

"అయితే సరే" అంది పెద్దమ్మ. పచ్చలైటు పడింది. నేను నోరు మూసుకున్నాను, ఆవిడ బస్సు కదిలించింది.